జింక వేటకు ఏ రైఫిల్, ఏ క్యాలిబర్? అమెరికాలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పెన్సిల్వేనియాలో ఎనిమిది సీజన్లు, ఆ తర్వాత ఉద్యోగం మారి టెక్సాస్‌లో ఆరు సీజన్లు జింక వేటకు వెళ్లాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మనవాళ్లు, ముఖ్యంగా కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు, ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే ఉంటున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కువగా వైట్‌టెయిల్, అంటే ఇక్కడి తెల్లతోక జింక గురించే రాశాను. రూల్స్ మాత్రం ఏటా మారుతుంటాయి, మీ రాష్ట్రపు ఈ ఏడాది హంటింగ్ బుక్‌లెట్ చూడకుండా నా మాట మీద అడవిలోకి వెళ్లకండి.

అవన్నీ తర్వాత అన్నా, ఒక్క ముక్కలో చెప్పు, ఏది కొనమంటావు?

మీరు వేటాడే చోట జింక ఎంత దూరంలో కనబడుతుందో నాకు చెప్పండి, అప్పుడు చెప్తాను. నిజంగానే ఇదే మొదటి ప్రశ్న. చెట్ల మధ్య 60 గజాల్లో కనబడే జింకకీ, బీడు అంచున 250 గజాల్లో కనబడే జింకకీ ఒకే తుపాకీ పనికిరావచ్చు, కానీ ఒకే తుపాకీ హాయిగా ఉండదు. అయినా ఇప్పుడే చెప్పాలంటే, రాష్ట్రం ఒప్పుకుంటే .308 విన్‌చెస్టర్ గానీ 7 ఎంఎం-08 రెమింగ్టన్ గానీ (ఇవి తుపాకీ పేర్లు కాదు, తూటా రకాలు, అంటే క్యాలిబర్లు), బోల్ట్ యాక్షన్, అంటే ప్రతిసారీ చేత్తో పిడి లాగి తూటా ఎక్కించేది, 20 నుంచి 22 అంగుళాల బ్యారెల్. దాంతో అమెరికాలో ఏ వైట్‌టెయిల్‌నైనా కొట్టొచ్చు. కంపెనీ గురించి అంత టెన్షన్ పడకండి. రుగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, టిక్కా, ఏదైనా సరే, భుజానికి ఆనించినప్పుడు కన్ను దానంతటదే స్కోప్ మధ్యకి రావాలి. మెడ సాగదీసి వెతుక్కోవాల్సి వస్తే ఆ తుపాకీ మీది కాదు.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. తుపాకీ కొనొచ్చా? కనీసం ఫ్రెండ్ తుపాకీ పట్టుకోవచ్చా?

ఇది క్యాలిబర్ కన్నా ముఖ్యమైన ప్రశ్న, దయచేసి ఆగి చదవండి. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. "ఫ్రెండ్‌దే కదా, కాసేపు పట్టుకున్నాను" అన్నా కూడా అది దగ్గర ఉంచుకోవడం కిందకే రావచ్చు. దీనికి మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఏమిటంటే, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు మీ చేతిలో ఉండటం. షాపులో నింపే 4473 ఫారంలో ఈ వీసా ప్రశ్న, మినహాయింపు ప్రశ్న రెండూ ఉంటాయి, నిజం రాయండి. లైసెన్సు గడువు తీరిన రోజున ఇంట్లో ఉన్న తుపాకీ మీకు సమస్య అవుతుంది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ వీసా అడ్డంకి లేదు. రాష్ట్ర చట్టాలు దీనిమీద ఇంకా ఏవైనా కలపొచ్చు కాబట్టి ఒకసారి లాయర్‌ని అడగడం మేలు, ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న స్టేటస్ ఒక్క తుపాకీ కోసం పోగొట్టుకోవద్దు.

లైసెన్సుకి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంటుంది. టెక్సాస్‌లో అయితే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. మొక్కుబడిగా చేయకండి, నాకు అందులో నేర్చుకున్నదే ఇప్పటికీ పనికొస్తోంది.

ఇండియా వెళ్లినప్పుడు వేటాడొచ్చా?

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ జింక వేట నేరం, జైలుకి పోతారు. తాతలు వేటాడారన్న కథలు కథలుగానే ఉండనివ్వండి.

ఈ అంకెల గోల ఏమిటి? .30-06, 30-30, 7 ఎంఎం-08... ఏది పెద్దదో ఎలా తెలుస్తుంది?

అంకె చూస్తే తెలియదు, అదే చిక్కు. ఒక్కో పేరు ఒక్కో పద్ధతిలో పెట్టారు. మన పోలీసుల చేతిలో చూసిన త్రీ నాట్ త్రీ లాగే .308లో అంకె అంగుళంలో భాగాన్ని చెప్తుంది, బుల్లెట్ మందం 0.308 అంగుళం. థర్టీ ఆట్ సిక్స్‌లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. థర్టీ థర్టీలో రెండో 30 అప్పట్లో పోసిన తుపాకీ మందు బరువు, గ్రెయిన్లలో (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు). .308, థర్టీ ఆట్ సిక్స్, థర్టీ థర్టీ మూడింట్లోనూ బుల్లెట్ మందం ఒక్కటే, 0.308 అంగుళం, తేడా అంతా వెనకున్న కేసులో, అంటే మందు ఉండే లోహపు గొట్టంలో, ఎంత మందు పడుతుందన్నదాంట్లో ఉంది. 7 ఎంఎం-08 అంటే .308 కేసు మెడని 7 మిల్లీమీటర్లకి సన్నం చేసినది. .243 కూడా అదే కేసు, ఇంకా సన్నం చేశారు. ఇక .270 బుల్లెట్ నిజానికి 0.277 అంగుళం ఉంటుంది.

ఇందులో ప్రాణం మీదికొచ్చే సంగతి ఒకటుంది. బ్యారెల్ మీద చెక్కిన పేరూ, తూటా అడుగున ఉన్న పేరూ అక్షరం అక్షరం కలవాలి. .300 బ్లాకౌట్ తూటా కొన్నిసార్లు .223 రైఫిల్లో పట్టేస్తుంది, పేలిస్తే తుపాకీ చేతిలోనే పగిలిపోతుంది. రెండూ ఇంట్లో ఉన్నవాళ్లు ఒకే సంచిలో రెండు రకాల తూటాలు ఎప్పుడూ వేయకండి.

మాది పెన్సిల్వేనియా, దట్టమైన అడవి. ఇక్కడ మీకు నచ్చింది?

థర్టీ థర్టీ, లీవర్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని కిందికి దించి పైకి లాగి తూటా ఎక్కించేది. మనసు మారలేదు. జాన్ బ్రౌనింగ్ గీసిన విన్‌చెస్టర్ 1894 మోడల్ కోసం 1895లో వచ్చిన తూటా ఇది. 150 లేదా 170 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 2,200 నుంచి 2,400 అడుగుల మధ్య వేగంతో వెళ్తుంది. కాగితం మీద చూస్తే ముసలి తూటా. 100 గజాల్లో సూటిగా పెట్టుకుంటే 200 గజాల దగ్గరికి ఏడెనిమిది అంగుళాలు కిందికి పడిపోతుంది. కానీ లారెల్ పొదల మధ్య మీకు 200 గజాలు కనబడితే కదా! నేను అక్కడ కొట్టిన ఐదు జింకల్లో అన్నిటికన్నా దూరం 85 గజాలు. మార్లిన్ 336 చేతిలో పట్టుకుని నడుస్తుంటే బరువు సరిగ్గా అరచేతిలో కూర్చుంటుంది, పొదల్లో తట్టుకోదు, రెండో తూటా త్వరగా ఎక్కుతుంది. ఆ అడవికి ఇంతకన్నా ఏం కావాలి?

లీవర్ తుపాకీలో ఒక జాగ్రత్త. తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, ముందున్న తూటా ప్రైమర్‌కి, అంటే దెబ్బ తగిలితే మందుకి నిప్పు పెట్టే అడుగు బిళ్లకి, వెనకదాని మొన ఆనుకుని ఉంటుంది. గట్టి మొన ఉన్న బుల్లెట్ వేస్తే కుదుపుకి పేలే ప్రమాదం ఉంది. అందుకే మొన చదునుగా ఉన్నవి గానీ, హోర్నడీ వాళ్ల లాగా మెత్తటి రబ్బరు లాంటి మొన ఉన్నవి గానీ మాత్రమే వాడాలి.

అక్కడ ఇంకోటి గమనిస్తారు, పెద్దవాళ్ల చేతుల్లో రెమింగ్టన్ పంప్ రైఫిళ్లు (ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించేవి), 760, 7600, విపరీతంగా కనబడతాయి. దానికి కారణముంది: ఆ రాష్ట్రంలో జింకకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్, అంటే కాల్చాక తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది, ఒప్పుకోరు, వేగంగా రెండోసారి కాల్చాలనుకునేవాళ్లకి పంప్ దారి దొరికింది. మా పక్కింటి పెద్దాయన దగ్గర .30-06లో ఒకటుండేది, చెక్క మీద పాలిష్ అంతా పోయి, ఆయన ఎడమ చెయ్యి పట్టుకునే చోట మాత్రం నున్నగా మెరుస్తూ ఉండేది.

టెక్సాస్‌లో?

టెక్సాస్ అంటే ఒక ఊరు కాదు, ఏ టెక్సాస్ అని అడగాలి. హిల్ కంట్రీలో జింకలు చిన్నవి, ఉత్తరాది జింకల పక్కన పెడితే మేకపిల్లల్లా ఉంటాయి. బ్లైండ్‌లో (వేటగాడు దాక్కునే చిన్న గదిలో) కూర్చుంటే ఫీడర్ (జింకలకి మేత పోసే డబ్బా) 100 గజాల్లో ఉంటుంది, తుపాకీ ఆనించడానికి కిటికీ గట్టు ఉంటుంది. అక్కడ .243 విన్‌చెస్టర్ చాలు, 95 లేదా 100 గ్రెయిన్ల బుల్లెట్‌తో. 1955లో వచ్చిన తూటా, భుజానికి నొప్పి తెలియదు. తూర్పు వైపు పైన్ అడవుల్లోకి వెళ్తే మళ్లీ పెన్సిల్వేనియా కథే. దక్షిణాన మెస్కీట్ పొదల మధ్య సెండెరో అని పొడుగ్గా నరికిన బాటలుంటాయి, అక్కడ 250, 300 గజాల్లో జింక బాట దాటుతూ నాలుగు సెకన్లు కనబడుతుంది. ఆ చోటికి .270 విన్‌చెస్టర్. 1925 నాటిది, 130 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 3,000 అడుగులు దాటి వెళ్తుంది, 200 గజాలకి జీరో చేస్తే, అంటే ఆ దూరంలో సరిగ్గా గురి పెట్టినచోటే తగిలేలా సర్దుకుంటే, 300 దగ్గర పడేది ఆరేడు అంగుళాలే. వందేళ్లయినా ఈ పనిలో దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లని నేను చూడలేదు.

ఒహాయోలో మామూలు రైఫిల్ కుదరదంటున్నారు, నిజమేనా?

నిజమే. నేల చదును, ఊళ్లు దగ్గర దగ్గర, గురి తప్పిన రైఫిల్ బుల్లెట్ మైళ్ల దూరం పోతుంది, అందుకే మిడ్‌వెస్ట్‌లో చాలాచోట్ల ఎన్నో ఏళ్లు అంత దూరం పోని షాట్‌గన్ మాత్రమే ఒప్పుకున్నారు. ఒహాయో 2014 నుంచి స్ట్రెయిట్ వాల్ తూటాలకి, అంటే కేసుకి మెడ సన్నబడకుండా నిలువుగా ఉండేవాటికి, అనుమతి ఇచ్చింది. .357 నుంచి .50 వరకూ. అయోవా కూడా ఇదే దారిలో వచ్చింది, ఇల్లినాయ్ 2023లో ఒక్క తూటా మాత్రమే పట్టే రైఫిళ్లకి ఒప్పుకుంది.

ఈ రూల్స్ కోసమే పుట్టిన తూటా .350 లెజెండ్, విన్‌చెస్టర్ వాళ్లు 2019లో తెచ్చారు. పేరులో .350 ఉన్నా ఒహాయో కొలతలోకే వస్తుంది. 150 గజాల వరకూ మంచి పని చేస్తుంది, భుజాన్ని తన్నదు. .450 బుష్‌మాస్టర్ బలమైనదే, కానీ తన్నుతుంది. 1873 నాటి .45-70 కూడా ఈ లెక్కలో సరిపోతుంది, ఇష్టమున్నవాళ్లు వాడతారు. కొత్తవాళ్లకి నేను .350 దగ్గర ఆగిపొమ్మంటాను.

పెద్ద క్యాలిబర్ అయితే ఎక్కడ తగిలినా పడిపోతుంది కదా?

పడిపోదు. దీనికి నా కథ చెప్పాలి, చెప్పడం ఇప్పటికీ ఇష్టం ఉండదు.

మొదటి తుపాకీ కొన్నప్పుడు కౌంటర్ దగ్గరున్నతను .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ చేతిలో పెట్టి, ఇది ఉంటే ఇక దేనికీ లోటుండదు అన్నాడు. నేనూ నమ్మాను. ఎనిమిది పౌండ్ల తుపాకీలో .243 వెనక్కి తన్నేది పది ఫుట్-పౌండ్ల (తన్ను బలానికి కొలత) లోపు, .308 పదిహేడు పద్దెనిమిది, .30-06 ఇరవై, ఈ మ్యాగ్నమ్ పాతిక దాటుతుంది. రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే చోట, పది తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. రెండోసారి వెళ్లినప్పటికి ట్రిగ్గర్ నొక్కకముందే నా ఒళ్లు బిగుసుకుపోతోంది, నాకు ఆ సంగతే తెలియదు. ఆ సీజన్‌లో 60 గజాల్లో నిలబడ్డ జింకని పొట్టలో కొట్టాను. చీకటి పడేదాకా వెతికాం. ఆకుల మీద ముదురు రంగు రక్తం, అందులో ఆకుపచ్చ, చేతిలోకి తీసుకుంటే వాసన. మర్నాడు పొద్దున దొరికింది, వాగు దగ్గర, బతికే ఉంది. ఆ కళ్లు నేను మర్చిపోలేదు.

తర్వాతి వారం పక్కింటి పెద్దాయన నన్ను రేంజ్‌కి తీసుకెళ్లి తన మార్లిన్ ఇచ్చాడు. నా కంటపడకుండా తనే లోడ్ చేసి ఇస్తున్నాడు, ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టక్' మంది, పేలలేదు, కానీ బ్యారెల్ మొన నాలుగంగుళాలు కిందికి దిగింది. నేనే తోశాను. ఆయన ఏమీ అనలేదు, ఇంకో డమ్మీ పెట్టాడు. మొన కదలకుండా 'టక్' అనిపించడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది.

మ్యాగ్నమ్ అమ్మేశాను. జింకని పడగొట్టేది బుల్లెట్ ఊపిరితిత్తుల్లోంచి పోవడం. .243తో ఊపిరితిత్తుల్లో కొట్టినవాడు మ్యాగ్నమ్‌తో పొట్టలో కొట్టినవాడి కన్నా వెయ్యి రెట్లు మేలు.

6.5 క్రీడ్‌మోర్ గురించి అందరూ తెగ చెప్తున్నారు, అంత గొప్పదా?

మంచిదే. 2007లో హోర్నడీ వాళ్లు టార్గెట్ షూటింగ్ కోసం తెచ్చారు, తన్ను తక్కువ, గాలికి పెద్దగా జరగదు. కానీ 200 గజాల లోపు జింకకి దీనికీ 7 ఎంఎం-08కీ తేడా కనబడదు. ఒకటి మీ దగ్గరుంటే రెండోది కొనక్కర్లేదు.

మ్యూల్ డీర్ (పడమటి రాష్ట్రాల్లో ఉండే పెద్ద చెవుల జింక) కోసం కొలరాడో వెళ్తున్నాం, వేరే తుపాకీ కావాలా?

.270, .308, .30-06 ఉంటే అక్కర్లేదు. .223 మాత్రం తీసుకెళ్లకండి, కొలరాడోలో జింకకి కనీసం .24 క్యాలిబర్ ఉండాలి. వర్జీనియాలో .23. టెక్సాస్‌లో అలాంటి కనీస కొలత లేదు, సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండే తూటా) అయితే చాలు, .22 రిమ్‌ఫైర్ (నిప్పు మందు అడుగు అంచులో ఉండేది) మాత్రం జింకకి వాడకూడదు. మామూలుగా .223 కాల్చే సెమీ ఆటోమేటిక్ ఏఆర్-15తో జింకని కొట్టొచ్చా అని అడిగేవాళ్లకీ ఇదే జవాబు, ముందు మీ రాష్ట్రం చూడండి. చట్టం ఒప్పుకున్నచోట కూడా .223తో కొత్తవాళ్లు వెళ్లడం నాకు నచ్చదు, తప్పు జరిగితే సర్దుకునే అవకాశం చాలా తక్కువ.

బుల్లెట్ ఏది? షాపులో యాభై రకాలున్నాయి.

వైట్‌టెయిల్ చర్మం పల్చన, ఎముక తేలిక, మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే మెత్తటి మొన ఉన్న బుల్లెట్, చాలు. తగలగానే మొన విచ్చుకుని వెడల్పవ్వాలి, అదే దాని పని. ఎఫ్‌ఎంజే (మొనతో సహా గట్టి లోహపు తొడుగు ఉన్నది) అని రాసి ఉన్నది కొనకండి, విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది, చాలా రాష్ట్రాల్లో జింకకి నిషేధం కూడా. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం లేని తూటాలే వాడాలి. మాంసం పిల్లలకి పెడతాం కాబట్టి నేను చట్టం లేకపోయినా రాగి బుల్లెట్లకి మారాను, సీసం ముక్కలు గాయం చుట్టూ దూరందాకా చెదిరిపోతాయి, కంటికి కనబడవు.

ఇంకోటి, ఒకే క్యాలిబర్ అయినా బుల్లెట్ బరువు మారితే తగిలే చోటు మారుతుంది. పెట్టె మార్చారంటే మళ్లీ రేంజ్‌కి వెళ్లాల్సిందే.

స్కోప్, జీరో?

3-9x40, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే స్కోప్, చాలు, అడవిలో ఎప్పుడూ తక్కువ మీదే, 3 దగ్గరే ఉంచండి. పెద్దది చేసుకుని కూర్చుంటే దగ్గర్లోకి వచ్చిన జింక స్కోప్‌లో గోధుమ రంగు గోడలా కనబడుతుంది, ఏది భుజమో తెలియదు. .308, .270 లాంటివి 100 గజాల్లో ఒకటిన్నర అంగుళం పైన తగిలేలా పెట్టుకుంటే దాదాపు 200 వరకూ ఏమీ లెక్కపెట్టకుండా గుండె ఎత్తులో గురి పెట్టొచ్చు. చెవులకి మఫ్స్ పెట్టుకోండి, రైఫిల్ ఒక్క పేలుడు చాలు వినికిడి పాడవ్వడానికి.

ఎక్కడ కొట్టాలి? కొట్టాక ఏం చేయాలి?

జింక పక్కకి తిరిగి నిలబడాలి. ముందుకాలు వెనక అంచు పట్టుకుని పైకి వెళ్లండి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడోవంతు దగ్గర ఆగండి. అక్కడ. మీ వైపు తిరిగి ఉంటే ఆగండి, తిరిగి వెళ్లిపోతుంటే వదిలేయండి, దాని వెనక ఏముందో కనబడకపోతే అసలు తుపాకీ ఎత్తొద్దు. ఒక భోజనం ప్లేటు అంత వృత్తంలో, ఆసరా లేకుండా కూర్చుని, ఐదుకి ఐదు మీరు ఎంత దూరంలో కొట్టగలరో అంతే మీ దూరం, తూటా పెట్టె మీద ఎంత రాసినా సరే.

కొట్టాక వెంటనే పరిగెత్తకండి, అరగంట కూర్చోండి. లేత ఎరుపులో నురగ కనబడితే ఊపిరితిత్తులు, జింక దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు రంగు, వాసన ఉంటే పొట్ట, అప్పుడు వెనక్కి వచ్చేసి కనీసం ఆరేడు గంటలాగి వెళ్లాలి. తరిమితే ఇంకా దూరం పోతుంది, ఎప్పటికీ దొరకదు. నేను ఆ రోజు తరమడం వల్లే అది రాత్రంతా బాధపడింది.

మా అమ్మాయికి పదమూడేళ్లు, తనూ వస్తానంటోంది.

.243, పొట్టి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం), అంతే. మొదటి ఏడాది సగం తూటాలు .22లో కాల్పించండి, తన్ను లేని తుపాకీతోనే వేలు నేర్చుకుంటుంది. చిన్నపిల్ల కదా అని కష్టమైన గురి పెట్టించకండి, 80 గజాల్లో పక్కకి తిరిగిన జింక వచ్చేదాకా ఆగమనండి. ఇంట్లో తుపాకీ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో.

టెక్సాస్‌లో మన చుక్కల జింక కూడా ఉందట?

ఉంది. ఇక్కడ యాక్సిస్ అంటారు, మన చీతలే. 1932లో టెక్సాస్ తెచ్చారు, ఇప్పుడు హిల్ కంట్రీ అంతా మందలు మందలుగా ఉన్నాయి. ఇక్కడి లెక్కలో బయటి జంతువు కాబట్టి సీజన్ లేదు, ఎన్ని అన్న పరిమితి లేదు, లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉండాలి. హిల్ కంట్రీ వైట్‌టెయిల్ కన్నా బాగా బరువు, ఒళ్లు గట్టిది, .243 కన్నా ఒక మెట్టు పైన, 7 ఎంఎం-08 లేదా .308 నా ఎంపిక. మొదటిసారి సంధ్యవేళ ఓక్ చెట్ల కింద ఆ తెల్ల చుక్కలు చూసినప్పుడు నేను తుపాకీ ఎత్తలేదు. అక్కడ నేరం, ఇక్కడ అనుమతి, అదే జింక, మనసుకి ఎక్కడానికి టైం పట్టింది. మరుసటి ఏడాది ఒకటి కొట్టాను, మాంసం మూడు కుటుంబాలు పంచుకున్నాం.

ఇంతకీ ఇప్పుడు మీ చేతిలో ఏముంది?

7 ఎంఎం-08, బోల్ట్ యాక్షన్, 20 అంగుళాల బ్యారెల్, 140 గ్రెయిన్ల రాగి బుల్లెట్, పాత 2-7 స్కోప్. ఏడేళ్లయింది, ఒకటే బ్రాండు తూటా. సీజన్‌కి ముందు నెలలో మూడు శనివారాలు రేంజ్‌కి వెళ్తాను, ఒక్కోసారి ఇరవై తూటాలకి మించి కాల్చను, వాటి మధ్యలో నాకు తెలియకుండా నాలుగు డమ్మీలు కలిపి ఇమ్మని పక్కవాళ్లని అడుగుతాను.